సమానకర్తృకత్వము: ఒక పర్వతభాష ఇచ్చిన సాక్ష్యము

అష్టాధ్యాయిలో తృతీయాధ్యాయం, నాలుగవ పాదం, 21వ సూత్రం. క్త్వా ప్రత్యయాన్ని విధించే ఈ సూత్రాన్ని నేను ముప్పది సంవత్సరాలకు పైగా పాఠం చెప్పినాను. 'సమానకర్తృక' శబ్దం వచ్చినప్పుడల్లా నల్లబల్లపై ఒకే వాక్యం వ్రాసేవాడిని: 'రెండు క్రియలకును ప్రథమావిభక్త్యంతము ఒక్కటే కావలెను.' విద్యార్థులు దానిని వ్రాసుకొన్నారు, పరీక్షలో తిరిగి వ్రాసినారు, మార్కులు పొందినారు. వారిలో పలువురు నేడు అధ్యాపకులు. ఆ వాక్యాన్నే వారూ తమ విద్యార్థులకు చెబుతూ ఉంటారని నా అనుమానం. ఆ వాక్యం తప్పు.

తప్పని నిరూపించడానికి దూరం పోనక్కరలేదు. 'దేవదత్తేన భుక్త్వా గమ్యతే' అన్న ప్రయోగంలో ప్రథమాంతం ఎక్కడ ఉన్నది? ఏదీ లేదు. అయినను క్త్వా నిరాటంకంగా వచ్చినది. ఈ ప్రశ్నను చాలా కాలం క్రిందట ఒక విద్యార్థి నిండు తరగతిలో అడిగినాడు. 'కూర్చోవయ్యా, భావేప్రయోగం తరువాత వస్తుంది' అని నోరు మూయించినాను. అతడు కూర్చున్నాడు. పిమ్మట భాషాశాస్త్రం వైపు వెళ్లి, ఉత్తరాదిన ఒక విశ్వవిద్యాలయంలో పనిచేసి, నేను విశ్రాంతి తీసుకొన్న తరువాత ఒకనాడు ఇంటికి వచ్చి, నమస్కరించి, కొన్ని కాగితాలు నా ముందు పెట్టినాడు. 'గురువుగారూ, ఆనాటి ప్రశ్నకు ఇందులో సమాధానం ఉన్నది. తమరు చదివి తప్పయితే చెప్పండి' అన్నాడు. అవి కాకసస్ పర్వతప్రాంతపు భాషలను గురించినవి. నాకు ఆంగ్లం మందగతిని నడుస్తుంది. ఆ కాగితాలు చదవడానికి నాకు ఒక వర్షాకాలం పట్టినది.

కాస్పియన్ సముద్రానికి పశ్చిమాన, రష్యా దేశంలో దాగెస్తాన్ అనే పర్వతరాష్ట్రం ఉన్నది. అక్కడా, దాని ఇరుగుపొరుగున చెచ్న్యా, ఉత్తర అజర్బైజాన్ ప్రాంతాలలోనూ సుమారు ముప్పది భాషలు ఒకే కుటుంబానికి చెందినవి ఉన్నవి. తూర్పు కాకసస్ భాషలని వాటికి పేరు. అవార్, లెజ్గి వంటివి కొన్ని లక్షలమంది మాట్లాడేవి. ఆర్చి వంటివి ఒక్క గ్రామానికి పరిమితమైనవి. నేను ప్రధానంగా చెప్పదలచినది ౘెజ్ అనే భాషను గురించి. పేరులోని మొదటి అక్షరం మన దంత్య చకారానికి సమీపం. పశ్చిమ దాగెస్తాన్ కొండలలో కొన్ని వేలమంది మాట్లాడే భాష ఇది. అక్కడి పిల్లలు తరతరాలుగా బడిలో చదివినది అవార్, రష్యన్ భాషలలో. ఆ భాషలో గొంతు బిగించి పలికే హల్లులు కొన్ని ఉన్నవి. తెలుగు లిపిలో వాటికి గుర్తులు లేవు కనుక దగ్గరి అక్షరాలతో వ్రాస్తున్నాను.

ఈ భాషలలో నామాలు వర్గాలుగా విభజింపబడి ఉంటాయి. ౘెజ్‌లో నాలుగు వర్గాలు: పురుషులు మొదటిది, స్త్రీలు, మరికొన్ని వస్తువులు రెండవది, జంతువులు, మరికొన్ని వస్తువులు మూడవది, మిగిలినవి నాలుగవది. అచ్చుతో మొదలయ్యే ధాతువులకు ముందు సామాన్యంగా వర్గసూచకం చేరుతుంది. మొదటి వర్గానికి ఏదీ చేరదు; రెండవ దానికి యకారం, మూడవ దానికి బకారం, నాలుగవ దానికి రేఫ. 'వెళ్లి' అనే క్త్వార్థక రూపం పురుషుని విషయంలో 'ఇకిన్', స్త్రీ విషయంలో 'యికిన్', జంతువైతే 'బికిన్'. ఇంతవరకు సులభమే.

సకర్మక క్రియ వచ్చేసరికి మన అలవాటు తలక్రిందులవుతుంది. తిను క్రియకు వర్గసూచకం తినేవానినిబట్టి రాదు, తినబడేదానినిబట్టి వస్తుంది. 'మగలు' అంటే రొట్టె, మూడవ వర్గం. కనుక తినేది బాలుడైనా బాలిక అయినా 'తిని' అనడానికి 'బౘ్నో' అనే అంటారు. తినేవానికి ప్రత్యేకమైన విభక్తి ఒకటి ఉన్నది. బాలుడు 'ఉజి'. అతడు వెళ్లినప్పుడు, వచ్చినప్పుడు 'ఉజి'యే. కాని రొట్టె తిన్నప్పుడు 'ఉజా'. అదే విధంగా బాలిక 'కిద్', తిన్నప్పుడు 'కిద్‌బా'. సకర్మక క్రియకు కర్త ఒక విభక్తిలోను, అకర్మక క్రియకు కర్తయు సకర్మక క్రియకు కర్మయు మరొక విభక్తిలోను ఉండే ఈ పద్ధతికి పాశ్చాత్యులు ఎర్గటివ్ అని పేరు పెట్టినారు. 'బాలేన ఓదనో భుక్తః', 'బాలో గతః' అని రెండు వాక్యాలను ప్రక్కప్రక్కన పెట్టుకొంటే ఆ పద్ధతి ఛాయ మనకు కనబడుతుంది. నిష్ఠాప్రత్యయం చదివినవారు దీనిని చూచి ఆశ్చర్యపడనక్కరలేదు. కాని ఛాయ ఛాయయే. ౘెజ్‌లోనిది కర్మణి ప్రయోగం కాదు. దానికి ఎదురుగా నిలిచే కర్తరి ప్రయోగం వేరే లేదు.

ఇప్పుడు నల్లబల్లపై నేను వ్రాసిన వాక్యాన్ని ఆ భాషకు అన్వయించి చూడండి. 'బాలుడు రొట్టె తిని వెళ్లినాడు.' తిను క్రియ దృష్టిలో అతడు 'ఉజా' కావలెను. వెళ్లు క్రియ దృష్టిలో 'ఉజి' కావలెను. విభక్తి ఒకటి కాదు. క్రియతో అన్వయమూ ఒకటి కాదు. 'బౘ్నో'లోని బకారం రొట్టెది, 'ఇకిస్' అన్న ప్రధానక్రియలో సూచకలోపం బాలునిది. రూపాన్నిబట్టి చూస్తే ఈ రెండు క్రియలకూ ఉమ్మడిగా ఉన్నది ఏమీ లేదు. ఉన్నది కారకం ఒక్కటే. తినడంలో స్వతంత్రుడెవరో వెళ్లడంలో స్వతంత్రుడు వాడే. పాణిని సూత్రంలో వాడినది 'కర్తృ' శబ్దం. విభక్తిని నియమించాలనుకొన్నచోట ఆయన విభక్తులనే పేర్కొంటాడు. ఇక్కడ అట్లు చేయలేదు. ఆ మాట బరువు నాకు అంతవరకు తెలియలేదు. భావేప్రయోగంలో అది ఒక అరుదైన చిక్కువలె కనిపించి, 'తరువాత వస్తుంది' అని దాటవేయడానికి వీలు కలిగించినది. ౘెజ్ మాట్లాడేవానికి అది ప్రతి పూటా వచ్చే వాక్యం.

సంస్కృతంలో కూడ ఇదే ద్వంద్వం కర్తరి ప్రయోగం అడుగున దాగి ఉన్నదని విజ్ఞులకు వేరే చెప్పనక్కరలేదు. క్త్వాప్రత్యయం భావమందు విహితం. అది కర్తను అభిధానం చేయదు. కనుక 'దేవదత్తో భుక్త్వా వ్రజతి' అన్నప్పుడు భుజిక్రియాపేక్షచేత దేవదత్తునికి తృతీయ రావలెను, వ్రజిక్రియాపేక్షచేత ప్రథమ. రెండింటి మధ్య వివాదం. వాక్యపదీయం తృతీయకాండలో, సాధనసముద్దేశంలో, భర్తృహరి ఈ వివాదాన్ని తీర్చినాడు. ఒకే ద్రవ్యం ప్రధానక్రియకును, గుణభూతమైన క్రియకును వేర్వేరు శక్తులతో సంబంధించినపుడు అప్రధానక్రియను ఆశ్రయించిన శక్తి ప్రధానాన్ని అనుసరిస్తుందని ఆయన సిద్ధాంతం. రాజు ఎటు పోతే సేవకుడు అటు పోవును. 'పక్త్వా ఓదనో భుజ్యతే' అన్నచోట ఓదనానికి ద్వితీయ రాకపోవడం ఇందువలననే. ౘెజ్‌లో 'ఉజి' అని ప్రధానక్రియకు తగిన రూపం వచ్చిన వాక్యం ఇదే న్యాయంతో సిద్ధిస్తుంది. పదిహేను వందల ఏండ్ల క్రిందటి సిద్ధాంతం, దానిని చెప్పినవాడు వినని భాషకు అట్లే సరిపోవడం చూచి ఆ రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు.

అయితే అక్కడ ఆగిపోయి చంక గుద్దుకొంటే అది పాండిత్యం కాదు. ఆ కాగితాలలోనే భర్తృహరికి ఎదురు నిలిచే సాక్ష్యమూ ఉన్నది. ఇది క్త్వార్థకానికి కాదు, దాని పొరుగున ఉన్న తుమర్థకానికి సంబంధించినది. మరియా పొలిన్‌స్కీ, ఎరిక్ పాట్స్‌డామ్ అనే ఇద్దరు భాషావేత్తలు 2002లో ప్రకటించినారు. 'బాలిక ఆవును మేప నారంభించినది' అన్న అర్థంలో ౘెజ్‌లో బాలిక 'కిద్‌బా' అని ఉండవచ్చును. అనగా మేపుట అనే అప్రధానక్రియకు తగిన విభక్తి. ప్రధానక్రియ ఆరంభించుట; అది అకర్మకంవంటిది; దానికి 'కిద్' అన్న రూపం కావలెను. అది వాక్యంలో లేదు. లేకపోయినను 'యోక్సి' అని ఆ ప్రధానక్రియకు స్త్రీవర్గపు యకారం చేరుతుంది! వినబడే పదం సేవకుని పక్షాన నిలిచినది. రాజు వినబడని పదంతో అన్వయించుకొన్నాడు. భర్తృహరి న్యాయానికి ఇది విపరీతం. దీనికి మన శాస్త్రంలో సమాధానం ఉన్నదా? ప్రధాన గుణభావాన్ని శబ్దంచేత కాక అర్థంచేత నిర్ణయించి, మేపుటయే ప్రధానమనీ, ఆరంభం దాని విశేషణమనీ చెప్పవచ్చును. కాని అప్పుడు యకారానికి గతి ఏమి? మేపుటకు సూచకం ఆవును అనుసరించి బకారమే కదా. ఎవరైనా మిత్రులు దీనికి న్యాయమైన పరిష్కారం చూపగలిగితే నేను కృతజ్ఞుడను. లాగి అతికించిన సమాధానాలు మాత్రం నాకు వద్దు.

క్త్వార్థకానికి మనం పెట్టుకొన్న పేర్ల సంగతి కూడ ఈ భాషలు విచారణకు తెచ్చినవి. ఇది అవ్యయమని ప్రథమాధ్యాయంలోని 40వ సూత్రంచేత చదువుకొన్నాం. సంస్కృతానికి అది సత్యం. కాని ఆంగ్లంలో వ్రాసిన సంస్కృత వ్యాకరణాలు అవ్యయత్వాన్నే లక్షణంగా తీసుకొన్నవి. వాటిని చూచి మన పాఠ్యపుస్తకాలూ తీసుకొన్నవి. 'ఇకిన్, యికిన్, బికిన్' చూచిన తరువాత ఆ లక్షణం నిలువదు. అవార్ భాషలోనూ 'వచ్చి' అన్నది పురుషునికి వకారంతో, స్త్రీకి యకారంతో, తక్కినవాటికి బకారంతో మొదలవుతుంది. రూపం మారుతున్నది, పని మారడం లేదు.

తెలుగు బడులలో చెప్పే 'అసమాపక క్రియ' అన్న పేరు గతి కూడ అంతే. వాక్యాన్ని ముగించలేనిది అసమాపకం. ౘెజ్‌లో 'ఇకిన్' అన్న ఈ రూపమే వాక్యాన్ని ముగించగలదు! ముగించినప్పుడు దాని అర్థం 'వెళ్లినాడు, కాని నేను చూడలేదు'. చూచి ఉంటే 'ఇకిస్' అనవలెను. ఒకే రూపం వాక్యమధ్యంలో క్త్వార్థకం, వాక్యాంతంలో పరోక్షభూతం. లిట్ లకారాన్ని విధించిన సూత్రంలో పరోక్షశబ్దాన్ని చదివి, పరోక్షమంటే ఏమిటని మహాభాష్యంలో జరిగిన చర్చను చదివినవారికి దీని రుచి తెలుస్తుంది. నూరేండ్ల క్రిందట జరిగినదే పరోక్షమని కొందరు, గోడచాటున, చాపచాటున జరిగినదీ పరోక్షమేనని కొందరు. ఉత్తమపురుషలో లిట్టు ఎట్లు వస్తుందన్న ప్రశ్నకు, నిద్రలోనో మత్తులోనో జరిగినది తనకే పరోక్షమని మనవారు చెప్పిన సమాధానం ప్రసిద్ధమే. ౘెజ్‌కు సోదరి అయిన హినుఖ్ భాషలో కూడ తన్ను గురించి తాను పరోక్షభూతంలో చెప్పుకోవడం ఇట్టి సందర్భాలలోనే: ఒళ్లు తెలియని స్థితి, ఊహ తెలియని బాల్యం. కాకసస్ కొండలలోని పశువుల కాపరికి పతంజలి తెలియడు. పతంజలికి ఆ కాపరి తెలియడు.

అవ్యయత్వం పోయినది, అసమాపకత్వం పోయినది. మిగిలినవి సూత్రంలోని రెండే పదాలు: సమానకర్తృకత్వం, పూర్వకాలం. పూర్వకాలం విషయంలో మనవారే మొదటినుండి జాగ్రత్తపడినారు. నోరు తెరిచి నిద్రించేవాడు నిద్రకు పూర్వమే నోరు తెరువడు కదా అని వార్తికకారుడు శంకించి, అట్టిదానికి ఉపసంఖ్యానం చేసినాడు. దానిని ఇక్కడ పెంచను.

సమానకర్తృకత్వానికి మాత్రం ఇంకొక పరీక్ష ఉన్నది. అది మన ఇంటిలోనే ఉన్నది. 'నాకు కోపము వచ్చి లేచి వెళ్లితిని.' వచ్చినది కోపం, వెళ్లినది నేను. శాస్త్రరీత్యా కర్తలు వేరు. వాక్యం నిర్దుష్టం. సంస్కృతంలో 'తం దృష్ట్వా మమ ప్రీతిర్జాతా' అన్న తీరు ప్రయోగాలను చూచి వ్యాఖ్యాతలు 'స్థితస్య' అని ఒక పదం అధ్యాహారం చేస్తారు: చూచి నిలిచిన నాకు ప్రీతి కలిగినది అని. నేనూ అట్లే చెప్పినాను. ఇప్పుడు ఆ అధ్యాహారం నాకు సాంత్వన ఇవ్వడం లేదు. ౘెజ్‌లో తెలియుట, చూచుట, ప్రేమించుట వంటి అనుభవక్రియలకు అనుభవించేవాడు 'కు' ప్రత్యయం వంటి మరొక విభక్తిలో ఉంటాడు. తల్లి 'ఎని', తల్లికి తెలిస్తే 'ఎనిర్'. మన 'అమ్మకు తెలియును' అన్నట్లే. అనుభవించేవానికి స్వాతంత్ర్యం ఉన్నదా, లేదా? ఉన్నదంటే కర్త అన్న సంజ్ఞను విస్తరించవలెను. లేదంటే ప్రతి వాక్యంలోనూ ఒక 'స్థితస్య'ను మోయవలెను. విస్తరించడమే మేలని నా అభిప్రాయం. స్వాతంత్ర్యం వక్తృవివక్షాధీనమని చెప్పిన శాస్త్రానికి అది విరుద్ధం కాదు. కాని 'వానలు కురిసి చెరువులు నిండినవి' అన్నచోట అదీ చాలదు. అక్కడ ఉమ్మడిగా ఉన్నది కర్త కాదు, కార్యకారణభావం. తెలుగు క్త్వార్థకం సంస్కృత క్త్వాకు నకలు కాదని ఒప్పుకోవలసిన స్థలం ఇది.

చరిత్రలో ఒక చిత్రాన్ని ఇక్కడ చెప్పవలెను. అష్టాధ్యాయిని 1839-40లో బాన్ నగరంలో ముద్రించి ఐరోపాకు అందించిన ఓటో బోట్‌లింక్ తరువాత సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో పనిచేసినాడు. సైబీరియాలోని యాకూత్ భాషకు వ్యాకరణం వ్రాసి 1851లో ప్రకటించినాడు. అదే అకాడమీలో ఆంటోన్ షీఫ్నర్ 1856లో తూర్పు కాకసస్ కుటుంబానికి చెందిన తూష్ భాషను గురించి గ్రంథం ప్రకటించినాడు. పిదప పీటర్ ఉస్లార్ అనే సైన్యాధికారి కొండలలో తిరిగి వ్రాసిన అవార్, లెజ్గి మొదలైన భాషల వ్యాకరణాలను జర్మన్ విద్వాంసులకు పరిచయం చేసినవాడూ ఆయనే. పాణినిని సంపాదించినవాడు, కాకసస్ భాషలను పరిశీలించినవాడు ఒకే కప్పు క్రింద ఉన్నారు. అయినను ఈ రూపాలకు ఐరోపాలో నిలిచిన పేరు లాటిన్ వ్యాకరణం నుండి వచ్చిన జెరండ్. 'కాన్వర్బ్' అన్న పేరును రామ్‌స్టెట్ అనే ఫిన్లండ్ విద్వాంసుడు 1902లో మంగోల్ భాషకోసం తెచ్చినాడు. అది 1995లో హాస్పెల్‌మాత్, కోనిగ్ సంపాదకత్వంలో వెలువడిన సంపుటం తరువాత లోకమంతటా స్థిరపడినది. ఆ హాస్పెల్‌మాత్ 1993లో లెజ్గి భాషకు వ్రాసిన వ్యాకరణాన్ని మా విద్యార్థి చూపించినాడు. ఆ భాషలో క్రియకు వర్గసూచకాలు లేవు; కాని ఇట్టి రూపాలు ఎన్నో ఉన్నవి. చేసినప్పుడు, చేసిన వెంటనే, చేసేవరకు, చేసినందున: ఒక్కొక్క అర్థానికి ఒక్కొక్క ప్రత్యయం.

అది చూచినప్పుడు నాకు చిన్నయసూరి గుర్తుకు వచ్చినాడు. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, తుమర్థకం, ఆనంతర్యార్థకం. బాలవ్యాకరణం 1858 నాటిది. ఆ పేర్లన్నీ అర్థాన్నిబట్టి పెట్టినవి, రూపాన్నిబట్టి కాదు. లెజ్గి వ్యాకరణానికి వాటిని యథాతథంగా ఎత్తి ఇవ్వవచ్చును. ఇంత ఉండగా, నేడు భాషాశాస్త్ర పదకోశాలు తయారుచేసేవారు కాన్వర్బ్‌కు క్రొత్త పదాలు ఎందుకు కుట్టాలో నాకు బోధపడదు. ఆంగ్లపదాన్ని ముక్కలు చేసి ముక్కకు ముక్క సంస్కృతీకరిస్తే పుట్టే శబ్దాన్ని సంస్కృతజ్ఞుడు గుర్తించడు, తెలుగువాడు పలుకడు.

ప్రాచ్యకళాశాలల పాఠ్యప్రణాళికల గురించి నాకు ఒక్క కోరిక ఉన్నది. కౌముదిని తగ్గించవద్దు. దాని ప్రక్కన ఏదో ఒక దూరదేశపు భాష నుండి పది వాక్యాలు, పదచ్ఛేదంతో, అర్థంతో, విద్యార్థి చేతికి ఇవ్వండి. ఏ సూత్రం అక్కడ నిలుస్తుంది, ఏది నిలువదు అని అడగండి. దీనికి అదనపు నిధులు అక్కరలేదు, ఒక కాగితం చాలు. శాస్త్రానికి అపచారమనేవారు ఉంటారు. భాష్యకారుడు కాంభోజదేశంలో ఏ ధాతువును ఏ అర్థంలో వాడతారో చూచి చెప్పినాడు. ఆయనకు లేని మడి మనకెందుకు?

ఆ విద్యార్థికి ఉత్తరం వ్రాసినాను. నల్లబల్లపై వ్రాసిన వాక్యాన్ని ఉపసంహరించుకొంటున్నానని మొదటి పంక్తిలో వ్రాసి, 'కిద్‌బా'ను గురించి నా సందేహాలను తరువాత నాలుగు పుటలలో వ్రాసినాను. ఈ సంవత్సరం మా ఇంటికి చదువుకొనడానికి వస్తున్న ముగ్గురు పిల్లలకు మొన్న ఆ సూత్రం వచ్చినది. 'కర్త' అన్నచోట ఆపి, 'ప్రథమాంతము అని ఎవరైనా చెబితే నమ్మకండి, నేను చెప్పినా సరే' అన్నాను. వారిలో చిన్నవాడు వెంటనే, 'మరి అనుభవించేవాడు కర్త ఎట్లా అవుతాడు తాతగారూ?' అని అడిగినాడు. ఈసారి కూర్చోమనలేదు.